పొలమారినప్పుడల్లా

భేస్తాన్,
మార్చి 3, 2021

బావకు,

మన పెళ్ళయిన కొత్తలో నువ్వు సూరత్‌లో, నేను ఊళ్ళో బీడీల చాట ముందు ఉన్నప్పుడు ఉత్తరాలు రాసుకున్నాం. తర్వాత నన్నూ ఇక్కడికే తెచ్చుకున్నావు. ఇరవై ఏళ్ళుగా ఒకే గదిలో ఉన్న మొగుడూ పెళ్ళాలకు కాగితంతో పనేముంటుంది? ఇప్పుడు మళ్ళీ పడింది. నువ్వు తాపీ నది అవతల అమ్రోలిలో, నేను ఇవతల భేస్తాన్‌లో. ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరాలు రాసుకునేది మనమేనేమో.

నిన్న నీ ఆస్పత్రి గేటు దాకా వచ్చాను. వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టి, "కరోనా హై మాసీ, అందర్ కోయీ నహీ" అన్నాడు. "ఏం జెయ్యనయ్యా, జర మా ఆయన మొఖం జూసి పోత" అన్నాను. వాడికి తెలుగు రాదు. వచ్చినా వదిలేవాడు కాదు.

ఫోన్ చేస్తే ఊఁ అని పెట్టేస్తావు. పక్షవాతంతో నాలుక మందమైంది, మాట తిరగడం లేదని వెంకటవ్వతో చెప్పించావు. నీ దగ్గరున్నది ముఖం కనిపించే ఫోన్ కూడా కాదాయె. అయితే పడిపోయింది ఎడమవైపే కదా, కుడిచెయ్యి బాగానే ఉంది. రాయి. వెంకటవ్వ రోజూ మన గల్లీ నుంచే ఆ వార్డు ఊడ్వడానికి పోతుంది, ఉత్తరాలు తన సంచిలో తెస్తానంది. ఆమెకు చదువు రాదు కాబట్టి మనం ఏం రాసుకున్నా మన మధ్యనే ఉంటుంది.

బట్ట నేసే సాంచాల మధ్య నువ్వు కూలిపోయావని కార్ఖానా నుంచి కబురొచ్చింది. పెద్దాస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు. ఈ వార్డులో నడక నేర్పి పంపుతామన్నారు. బుద్ధిగా నేర్చుకుని రా. మీ అమ్మ పొద్దున లేస్తే "నా కొడుకు ఏం తింటుండు, ఎట్ల పంటుండు?" అని నా ప్రాణం తీస్తోంది. సింధూజ ఫోన్‌లో కాలేజీ పాఠాలు వింటూ మధ్యమధ్యలో ఏడుస్తోంది. నేను ఏడవడం లేదు. చీరలకు రాళ్ళు అంటించే పని నాది, కన్నీళ్ళు పడితే జిగురు పట్టదు.

వినోద

* * *

అమ్రోలి,
మార్చి 7

వినోదకు,

ఉత్తరం అందింది. వెంకటవ్వ దాని మీద కూడా మందు చల్లి ఇచ్చింది. మొదటి రెండు వరుసలు నీలంగా పాకిపోయాయి. వాటిని ఊహించి చదువుకున్నాను.

నా మంచం రెండో అంతస్తులో, కిటికీ పక్కన. కింద రోడ్డు, రోడ్డు అవతల ఒక పాన్ డబ్బా. ట్రక్కులు ఆగకుండా పోతుంటాయి. కిటికీ మీద రెండు పావురాలు ఒకే చోటు కోసం పొద్దస్తమానం కొట్లాడుకుంటాయి. పక్క మంచం మన్సుఖ్ కాకాది, వజ్రాలు సానబట్టేవాడు. ఆయనకు కుడివైపు పడింది. ఇద్దరినీ కలిపి కుడితే ఒక మనిషి అవుతాం.

కసరత్తు చేయించేది హేతల్‌బెన్. పొట్టి మనిషి. నా నడుముకు పట్టీ బిగించి, సాంచా మీదికి నూలు నిండిన బీమును ఎత్తినట్టు నన్ను ఎత్తి నిలబెడుతుంది. ముఖానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఇక్కడ అందరూ అంతే. వచ్చిన దగ్గర నుంచి ఒక్క నోరు చూడలేదు.

అమ్మకు చెప్పు, అన్నం మెత్తగా పెడుతున్నారు. నీళ్ళే విచిత్రం. ఏదో పొడి కలిపి ఇస్తారు, పడుగుకు పెట్టే గంజిలాగా చెంచాకు అతుక్కుంటాయి. గుజరాతీల అలవాటో, ఆస్పత్రి అలవాటో. నాకు గొంతు దిగదు. కాకా సీసాలో మామూలు నీళ్ళుంటాయి. బెన్ అటు తిరగగానే రెండు గుటకలు తాగుతాను. తాగినప్పుడల్లా పొలమారుతుంది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గుతాను, దగ్గుతూనే నవ్వుకుంటాను. ఇంత గట్టిగా నన్ను తలుచుకునేది నువ్వు కాక ఎవరు?

నువ్వు పంపిన దుప్పటిలో మన ఇంటి వాసన ఇంకా ఉంది. ఉతకనివ్వడం లేదు.

నీ బావ

* * *

భేస్తాన్,
మార్చి 10

బావా,

నువ్వు రాసింది చదివి ఎంత సంతోషమైందో చెప్పలేను. పొలమారుతోందా? ఏ వేళకు? పొద్దున పాల ప్యాకెట్ కత్తిరిస్తూ ఒకసారి, మధ్యాహ్నం నీ చొక్కా మడత పెడుతూ ఒకసారి, సాయంత్రం షిఫ్టు వదిలి మగవాళ్ళంతా గల్లీలోకి వస్తుంటే ఆ గుంపులో నిన్ను వెతుక్కుంటూ ఒకసారి. ఇవి గట్టివి. మధ్యలో చిల్లర తలపులు లెక్కలేనన్ని. అవి కూడా అందుతున్నాయా?

ఉత్తరం చదివి వినిపించి తప్పు చేశాను. మీ అమ్మ వెంటనే "గది నేను! తల్లి యాది జేస్తేనే గంత గట్టిగ పొలమారుతది" అంది. "నీ కొడుకు నా పేరే రాసిండు అత్తమ్మా" అన్నాను. "వానికేం ఎరుక, వాడు చిన్నపోరడు" అని ముఖం తిప్పుకుంది. ఆ చిన్నపోరడికి నలభై ఏడేళ్ళు. ఇద్దరం ఒక పూట మాట్లాడుకోలేదు.

మొన్న కార్ఖానా వైపు పోయాను. నీ సాంచాలు సోమలింగం నడుపుతున్నాడు. "వదినా, అన్న వచ్చేదాక జూస్కుంట, అన్నవి అన్నకే" అన్నాడు. మంచివాడు. కానీ నీ చోట ఇంకొకరి వీపు చూస్తూ నిలబడలేక వచ్చేశాను.

ఇంకా పొలమారాలి నీకు. నేను ఆపను.

వినోద

* * *

అమ్రోలి,
మార్చి 21

వినోదకు,

నిన్న గోడ పట్టుకుని తలుపు దాకా నడిచాను. కాకా తన మంచి చేత్తో తొడ చరిచి మెచ్చుకున్నాడు.

కింద అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. మా వార్డులో మంచాలు ఖాళీ చేస్తున్నారు. పొద్దున డాక్టరూ బెన్నూ నా దగ్గర చాలాసేపు నిలబడ్డారు. బెన్ వేళ్ళు మడుస్తూ ఏవేవో వివరించింది. నేను తలూపాను. డాక్టరు కాగితం మీద గీతలు గీసి పోయాడు. వెంకటవ్వ చీపురు చంకలో పెట్టుకుని రెండు వేళ్ళతో నడిచే మనిషి బొమ్మ చూపించి, మన ఇంటి వైపు చెయ్యి ఊపింది. పంపేస్తున్నారు!

ఇంక పొలమారక్కర్లేదు. తలుచుకునే మనిషి ఎదురుగానే ఉంటుంది.

నీ బావ

* * *

భేస్తాన్,
మే 2

బావా,

పెద్దాస్పత్రి నుంచి నువ్వు మళ్ళీ అదే వార్డుకు, అదే మంచానికి చేరావని వెంకటవ్వ చెప్పింది. బతికున్నావు. ముందు అది రాసుకుని నన్ను నేను నమ్మించుకుంటున్నాను.

నీకు జ్వరంలో సగం గుర్తుండదు, విను. నువ్వు ఆటో దిగగానే మీ అమ్మ దిష్టి తీసి గడప మీద కొబ్బరికాయ కొట్టింది. ఆ నీళ్ళు గ్లాసులో పట్టి నీ నోటికి అందించింది నేనే. పొలమారింది. అత్తమ్మ నీ నెత్తి మీద తడుతూ "ఎవలో యాది జేస్తుండ్రు కొడకా" అంది. "ఇంకెవలున్నరు, అందరం ఈడనే ఉంటిమి గద" అని నేను నవ్వాను. చాయ్ తాగితే పొలమారింది. చారు పోస్తే పొలమారింది. ఊళ్ళో చుట్టాల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుని, ఎవరి పేరుకు దగ్గు ఆగుతుందో చూసి నవ్వుకున్నాం. నాలుగు రోజులు తిరక్కముందే ఒళ్ళు కాలిపోయింది, ఎగశ్వాస వచ్చింది. కరోనా అని గల్లీ గల్లీ తలుపులు వేసుకుంది. ఆటో ఎక్కించడానికి సోమలింగం ఒక్కడే వచ్చాడు.

అది కరోనా కాదు. నిన్న మీ డాక్టరు ఫోన్ చేస్తే సింధూజ అడిగి అడిగి నాకు తెలుగులో చెప్పింది. పక్షవాతం కాలూ చెయ్యే కాదు, గొంతును కూడా పట్టిందట. పల్చటి నీళ్ళు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయట. పొలమారడం అంటే అదేనట. ఇంటికి పోయిన పక్షవాతం మనుషులు చాలామంది మళ్ళీ ఆస్పత్రికి వచ్చేది ఇట్లాగేనట. అందుకే ఆ పొడి కలిపిన నీళ్ళు. ఇంకొక్కసారి ఇలా వస్తే ఈ ఊపిరితిత్తులు తట్టుకోవని కూడా చెప్పాడు. సింధూజ ఆ మాట నాకు చెప్పకుండా దాచాలని చూసింది. దాని ముఖం దాచలేకపోయింది.

ఒక్కటే అడుగుతాను. "హమ్‌నే తో పేషెంట్ కో రోజ్ సమ్‌ఝాయా, ఉన్హోనే హా బోలా" అన్నాడు డాక్టరు. రోజూ చెప్పారట. నువ్వు రోజూ సరే అన్నావట. మరి నాకెందుకు చెప్పలేదు? నా చేతులతో నేను నీకు నీళ్ళు తాగిస్తుంటే ఎందుకు ఊరుకున్నావు?

వినోద

* * *

అమ్రోలి,
మే 6

వినోదకు,

పావురాలు గూడు పెట్టాయి. కొట్లాడుకున్నవే, ఇప్పుడు ఒకటి పుల్లలు తెస్తుంది, ఒకటి సర్దుతుంది. కాకా గడ్డం గీయించుకున్నాడు. పాన్ డబ్బా మధ్యాహ్నానికే మూసేస్తున్నారు. ఎండ బాగా ఉంది.

నువ్వు అడిగిన సంగతి. వాళ్ళు చెప్పే ఉంటారు. నేనే మరిచిపోయి ఉంటాను. రోగంలో బుర్ర పనిచెయ్యదు కదా.

గంజి నీళ్ళే తాగుతున్నాను. కానీ వినోదా, నిన్నంతా ఒక్కసారి కూడా పొలమారలేదు. పొద్దుగూకేసరికి మనసు ఏదోలా అయిపోయింది. అందరూ చుట్టూ తిరుగుతున్నా బావిలో కూర్చున్నట్టు ఉంటుంది ఇక్కడ. ఆ పొలమారడం ఒక్కటే బయటి నుంచి నాకు వచ్చే కబురు. అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పింది అంతా ఉత్తదేనా? కాకా సీసా అందుకున్నాను. ఒక్క గుటకే. కోప్పడకు.

బావ

* * *

భేస్తాన్,
మే 9

బావా,

కోప్పడకు అంటావా? ఉత్తరం చదివి జిగురు గిన్నె పక్కకు నెట్టాను. నీకు మతి పోయిందని అత్తమ్మ ముందే నిన్ను తిట్టాను.

తర్వాత నీ ఉత్తరాలన్నీ తీసి చాప మీద పరిచాను. ఎందుకు చేశాడీ మనిషి ఇట్లా, ఎక్కడైనా ఒక ముక్క దొరుకుతుందేమోనని. చదివాను, మళ్ళీ చదివాను. అప్పుడు ఒకటి తట్టింది.

నీ ఉత్తరాల్లో ఎవరూ మాట్లాడరు.

పావురాలున్నాయి, పాన్ డబ్బా ఉంది. కాకా తొడ చరుస్తాడు, బెన్ వేళ్ళు మడుస్తుంది, వెంకటవ్వ చేతులు ఊపుతుంది. ఒక్కరు నోరు తెరిచి ఒక్క మాట అనరు. పాత ఉత్తరాలు కూడా తీశాను, నువ్వు ఒంటరిగా సూరత్‌లో ఉన్నప్పటివి. వాటి నిండా మాటలే. మేస్త్రీ ఏమన్నాడు, మెస్సులో ఒడియా వాళ్ళు ఏం పాడారు, గది ఓనరు ఎట్లా తిట్టాడు. ఆ మనిషి ఇప్పుడు నెలల తరబడి ఒక్క మాట రాయలేదంటే, అతనికి ఒక్క మాట అందలేదన్నమాట.

నీకు వినిపించడం లేదు కదా బావా?

ఇవాళ్టిది కాదు. ఇన్నేళ్ళ సాంచాల చప్పుడు నీ చెవులను ఎప్పుడో తినేసింది. మనం గమనించలేదు, అంతే. మన గల్లీలో అందరూ అరిచే మాట్లాడతారు, ముఖం చూసే మాట్లాడతారు. వంటింట్లోంచి పిలిస్తే పలకవు, బద్ధకం అనుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఎన్ని తిట్లు దండగ చేశాను నీ మీద! ఎదురుగా ఉంటే పెదాలు చూసి అందుకునేవాడివి. ఆస్పత్రిలో పెదాలన్నీ మాస్కుల వెనక్కి పోయాయి.

ఒక్కటే అర్థం కాదు. నేను కూడా నూలు కండెలు చుట్టడానికి అదే కార్ఖానాలో కూర్చున్నదాన్ని. మాట అందకపోతే ఏం చేసేవాళ్ళం? వేలు పైకెత్తి కండె తిరిగినట్టు గాలిలో తిప్పేవాళ్ళం, మళ్ళీ చెప్పు అని. పక్కవాడు మళ్ళీ చెప్పేవాడు. అందులో ఎవరికీ సిగ్గు లేదు. ఆ వేలు ఆస్పత్రిలో ఎందుకు లేవలేదు?

వినోద

* * *

అమ్రోలి,
మే 13

వినోదకు,

అవును. వినిపించదు. చాలా రోజుల నుంచే.

సాంచాల దగ్గర తోటివాడి ముందు వేలు తిప్పుతాం. సేఠ్ ముందు తిప్పుతామా? సేఠ్ వచ్చి ఏదో చెబుతాడు, అందినా అందకపోయినా తలూపుతాం, పోయాక పక్కవాణ్ణి అడుగుతాం. నాకు ఈ తెల్లకోటువాళ్ళంతా సేఠ్‌ల్లాగే కనిపించారు. తలూపాను. అడగడానికి పక్కన సోమలింగం లేడు. కాలూ చెయ్యీ పడినవాడికి చెవులు కూడా లేవంటే ఇంకెవరు సాంచా ఇస్తారు? అది కూడా ఉంది మనసులో.

నీ చేతి నీళ్ళు తాగినప్పుడు నాకేమీ తెలియదు. తెలిసి నీకు ఆ పాపం అంటగట్టలేదు. అది మాత్రం నమ్ము.

మొన్నటి గుటక మాత్రం తెలిసే తాగాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివి కూడా తాగాను. పొలమారకపోతే నన్ను మరిచిపోయావేమో అనిపించింది. పిచ్చి అని నాకూ తెలుసు. నాకు నిన్ను చూడాలని ఉంది వినోదా. ఇంకేమీ లేదు. ఒట్టి చూడాలని ఉంది.

బావ

* * *

భేస్తాన్,
మే 16

బావా,

ఈ ఉత్తరంతో పాటు ఒక కవరు పంపుతున్నాను. అందులో మాస్కులున్నాయి. మన పక్కింటి ముత్యం చీరల పెట్టెలు కట్టే చోట పనిచేస్తాడు. పెట్టె మీద చీర కనిపించడానికి వేసే ప్లాస్టిక్ ముక్కలు తెచ్చిచ్చాడు. మాస్కు మధ్యలో గుడ్డ కత్తిరించి ఆ ముక్క కుట్టాను, కిటికీలాగా. ముందు నేను పెట్టుకుని చూశాను. ఊపిరికి మసకబారింది. లోపలివైపు సబ్బు ముక్క రాసి తుడిస్తే ఆగింది. సింధూజ పెట్టుకుని పాఠం చదివితే అత్తమ్మ పడీపడీ నవ్వింది. "గిదేంది, పండ్లు అంగట్ల బెట్టినట్టున్నది!" అంది.

సింధూజ హేతల్‌బెన్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆమె "హాయ్ రామ్, మై తో సమ్‌ఝీ కి యే ఆద్మీ జిద్దీ హై" అందట. నిన్ను మొండివాడనుకుందట పాపం. ఇన్నాళ్ళూ ఆమె నీకు గోడకు చెప్పినట్టే చెప్పింది. మాస్కు పంపమంది, అద్దం కింద వేసుకుంటానంది.

ఇక నా మాట. నేను తలుచుకున్నప్పుడల్లా నీకు పొలమారేదైతే నువ్వు మొదటి రోజే పోయి ఉండేవాడివి. ఒక్క పూట గడిచేది కాదు. పొలమారినప్పుడు నేను తలుచుకుంటున్నట్టు కాదు. పొలమారకుండా గుటక దిగింది చూడు, అప్పుడు తలుచుకుంటున్నాను. అట్లా లెక్కపెట్టుకో. కాకా సీసా ముట్టుకుంటే మాత్రం నామీద ఒట్టు.

నిన్ను చూడాలని నాకు లేదనుకున్నావా? రాత్రి అందరూ పడుకున్నాక గోడ వైపు తిరిగి నీ పేరు అనుకుంటాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నీ పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు కదా, పరుశురాం అని నోట్లో తిప్పుకుంటే కొత్తగా ఉంటుంది.

వినోద

* * *

అమ్రోలి,
మే 28

వినోదా,

రాయాల్సింది చాలా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అందరూ మాట్లాడుతున్నారు!

హేతల్‌బెన్ మొదటి రోజు నీ మాస్కు పెట్టుకుని వచ్చి నా ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె ముందు పన్ను కొంచెం విరిగి ఉంది. నెలల నుంచి నన్ను ఎత్తి నిలబెట్టిన మనిషిని అప్పుడే చూశాను. "అబ్ దిఖ్ రహా హై, పరుశురాం భాయ్?" అంది. కనిపిస్తోంది, దిఖ్ రహా హై అన్నాను. నాకు ఏడుపు వచ్చింది, ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది. తుడుచుకోవడానికి అద్దం తియ్యాలి, మళ్ళీ చేతులు కడుక్కోవాలి. పెద్ద తతంగమే అయింది.

ఆ రోజు ఆమె నేర్పింది ఇది. నిటారుగా కూర్చోవాలి. చెంచాడే తీసుకోవాలి. గదువ రొమ్ముకు ఆనించి మింగాలి. తల వంచితే ఊపిరి దారి మూసుకుంటుందట, నీళ్ళు సరైన దారిన పోతాయట. మింగాక ఒకసారి ఆఁ అనాలి, గొంతు తడిగా పలికితే ఆగిపోవాలి. నేను వంచి మింగాను. దిగింది. దగ్గు లేదు. నువ్వు చెప్పినట్టే లెక్కపెట్టుకున్నాను, ఇది వినోద అని.

కాకా ఏమంటాడో తెలుసా? ఆయనకూ ఒక కిటికీ మాస్కు ఇచ్చాం. "ఇన్నాళ్ళూ నీకు నా సూరత్ కథలన్నీ చెప్పాను, నువ్వు తలూపుతుంటే ఎంత బుద్ధిమంతుడివి అనుకున్నాను" అన్నాడు. వాటన్నిటినీ మొదటి నుంచీ మళ్ళీ చెబుతున్నాడు. అయ్యో, వినపడనప్పుడే హాయిగా ఉంది. సీసా మాత్రం ఆయనే పరుపు కింద దాచాడు.

బెన్ అంది, వచ్చే నెలలో మళ్ళీ ఇంటికి పంపుతారట. నాకు భయంగా ఉంది. పోయినసారి కూడా సంతోషంగానే వచ్చాను. ఈసారి మళ్ళీ నన్ను మోసుకుని ఇక్కడికి తెచ్చే పని నీకు పెట్టకూడదు.

ఒకసారి వస్తావా? లోపలికి కాదు. రోడ్డు అవతల పాన్ డబ్బా దగ్గరికి.

నీ బావ

* * *

భేస్తాన్,
జూన్ 12

బావా,

వచ్చే శనివారం వస్తాను. పదింటికల్లా పాన్ డబ్బా పక్కన ఉంటాను. వెంకటవ్వ నిన్ను కిటికీ దగ్గర కూర్చోబెడతానంది. ఆకుపచ్చ చీర కట్టుకుంటాను, దూరం నుంచి పోల్చుకోవడానికి. నా చీరలు నీకు గుర్తున్నాయో లేదో.

ఇంట్లో అంతా సిద్ధం. గోడకు వెదురు కట్టించాను, పట్టుకుని నడవడానికి. పొడి ఎంత కలపాలో బెన్ సింధూజకు నేర్పింది, నేను గిన్నెలు గిన్నెలు కలిపి చూసుకున్నాను. చెంచా వంచితే జారాలి, పారకూడదు. పడుగు గంజి చూసిన కళ్ళకు అదేమంత కష్టం కాదు. జొన్న గట్క మెత్తగా చేస్తాను.

అత్తమ్మతో పెద్ద పంచాయితీ అయింది. "కొబ్బరికాయ కొట్టకుంటె దిష్టెట్ల పోతది?" అని కూర్చుంది. "కొడుదం అత్తమ్మా. నీళ్ళు మాత్రం గడపకే పోద్దం" అన్నాను. ఆమె నీ దుప్పటి మడత పెడుతూ, "వాడు దగ్గుతుంటె నేను నెత్తి మీద తట్టి నవ్వితిని గదనే" అని ఏడ్చింది. ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. ఈ నాలుగు నెలల్లో మొదటిసారి. చీరలు పక్కకు పెట్టే ఏడ్చానులే.

శనివారం.

వినోద

* * *

అమ్రోలి,
జూన్ 20

వినోదా,

ఈ కిటికీ పక్కన రాసే ఆఖరి ఉత్తరం ఇది. రేపు కాక ఎల్లుండి పంపుతారు.

ఈ పొద్దున డాక్టరు వచ్చాడు. ఆయన కూడా నీ మాస్కే పెట్టుకున్నాడు, మీసాలున్నాయని ఇవాళే తెలిసింది. గబగబా చెప్పుకుపోయాడు. సగం అందింది, సగం జారిపోయింది. నా తల దానంతటదే ఊగబోయింది. ఆపుకున్నాను. వేలెత్తి తిప్పాను. ఆయనకు అర్థం కాక బెన్ వైపు చూశాడు. "ఫిర్ సే బోలియే సర్, వో పూఛ్ రహే హై" అందామె. ఆయన మళ్ళీ చెప్పాడు. మళ్ళీ తిప్పాను. సేఠ్ అయితే కొట్టేవాడు, ఈయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చివరికి మాత్రలూ నీళ్ళూ గదువా అన్నీ నా మొద్దు నాలుకతో ఆయనకే తిరిగి ఒప్పజెప్పాను. దగ్గు వస్తే నవ్వకుండా ఫోన్ చెయ్యాలన్నది కూడా.

నిన్నటి సంగతి ఆఖరికి దాచుకున్నాను. పొద్దున్నే వెంకటవ్వ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. పదింటికంటే ముందే వచ్చావు. ఆకుపచ్చ చీర. చిక్కిపోయావు. మధ్యలో ట్రక్కులు, బస్సులు. నీకు ఆ హోరు వినిపించి ఉంటుంది, నాకు లేదు, కానీ కార్ఖానాలో నువ్వు కండెల దగ్గర, నేను సాంచాల దగ్గర నిలబడి మాట్లాడుకున్న రోజులే గుర్తొచ్చాయి. నువ్వు అటూ ఇటూ చూసి మాస్కు కిందికి లాగావు.

"గదువ వంచి మింగు బావా" అన్నావు.

నేను వేలు తిప్పాను. మళ్ళీ చెప్పావు, నీ గదువ చేత్తో పట్టుకుని రొమ్ముకు ఆనించి చూపిస్తూ. మళ్ళీ తిప్పాను. ఇంకాస్త ముందుకు, రోడ్డు అంచు దాకా వచ్చి, ఒక్కో మాటే పెద్దగా నోరు తెరిచి చెప్పావు. పాన్ డబ్బావాడు బయటికి వచ్చి నిన్నే చూస్తున్నాడు. నేను తిప్పుతూనే ఉన్నాను. చివరికి నీకు కోపం వచ్చి, "గిదన్న సమజైతలేదా నీకు!" అన్నావు. అది కూడా చూశాను.

మొదటిసారే సమజైంది వినోదా. నీ నోరు చూడక రెండు నెలలు దాటింది, అందుకే అడుగుతూ కూర్చున్నాను.

నీ బావ